మిరపకాయలు ఎండే రోడ్డు మీద రెండొందల అరవై ఐదు గుర్రాలు

"రోజువారీ వాడకానికి కూడా బ్రహ్మాండంగా ఉంటుందిరా!"

ఈ వాక్యం ఈ మధ్య మా ఆఫీసు క్యాంటీన్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అన్నవాడు మారుతుంటాడు, కారు మారుతుంటుంది, వాక్యం మాత్రం మారదు. సరదాగా తోలుకోవడానికి కొంటున్నానని ఎవడూ అనడు. అలా అంటే ఇంట్లో ఒప్పుకోరు కదా. అందుకని ఆఫీసుకి, కూరగాయలకి, పిల్లాడి స్కూలుకి, పండక్కి ఊరికి.. అన్నిటికీ ఇదే చాలని ముందు తనని తాను ఒప్పించుకుంటాడు, తర్వాత భార్యని, ఆ తర్వాత బ్యాంకుని. చివరి వాళ్ళు ఎప్పుడూ తొందరగానే ఒప్పుకుంటారనుకోండి.

ముందే చెప్పేస్తున్నా, నేను కార్లంటే గిట్టనివాణ్ణి కాదు. టర్బో ఈల వేస్తే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. రెండేళ్ళ కిందట ఇలాంటి కారుకే టోకెన్ అడ్వాన్సు కట్టేదాకా వెళ్ళినవాణ్ణి. కాబట్టి ఇక్కడ పడే అక్షింతల్లో సగం నాకే అనుకుని చదవండి.

2025 అక్టోబరులో స్కోడా వాళ్ళు ఆక్టేవియా ఆర్‌ఎస్ ని మళ్ళీ మన దేశానికి తెచ్చారు. వంద కార్లే. ఒక్కోటి షోరూం ధరే యాభై లక్షలకి వెయ్యి తక్కువ. బుకింగ్ తెరిచిన కాసేపటికే అన్నీ అయిపోయాయి. అదే ఏడాది మే నెలలో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ వచ్చింది, 53 లక్షలు. రెండిట్లోనూ 265 గుర్రాల ఇంజనే. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి గోల్ఫ్ ఆరు సెకన్లలోపు, ఆక్టేవియా ఆరున్నర సెకన్లలోపు చేరతాయి. 2004లో ఇదే స్కోడా మన దగ్గర మొదటి ఆక్టేవియా ఆర్‌ఎస్ అమ్మినప్పుడు దాన్లో 150 గుర్రాలుండేవి, అప్పుడు దాన్నే రేసు కారులా చూశారు జనం. 1983లో వచ్చిన మారుతి 800లో నలభై కూడా లేవు. ఆ నలభైతోనే మన నాన్నల తరం తిరుపతి కొండ ఎక్కింది, మధ్యలో ఆగి రేడియేటర్లో నీళ్ళు పోసుకుని.

సరే, కారు బాగుంటుంది. అందులో వాదన లేదు. నా వాదనంతా "రోజువారీ" అన్న ముక్క మీదే. రోజువారీ అంటే ఏ రోజు? ఏ వారీ?

మాది వేటపాలెం. చీరాల పక్కన. సారస్వత నికేతనం లైబ్రరీ ఉన్న ఊరు అంటే కొందరు గుర్తుపడతారు, జీడిపప్పు అంటే అందరూ గుర్తుపడతారు :) 1918లో పెట్టిన ఆ లైబ్రరీలో వేసవి సెలవుల్లో కూర్చుని పాత పత్రికల్లో కార్ల ప్రకటనలు చూసేవాణ్ణి, ఈ పిచ్చి అక్కడే మొదలైందేమో. మాది నేత ఊరు. తెల్లారుజామున మా వెనక వీధిలోకి వెళ్తే రోడ్డు కనపడదు. ఈ చివర నుంచి ఆ చివరికి పడుగు సాగదీసి కట్టి, దానికి గంజి పట్టిస్తూ మగవాళ్ళు, ఆడవాళ్ళు కలిసి అటూ ఇటూ నడుస్తుంటారు. ఎండ ముదరక ముందే ఆ పని అయిపోవాలి. అప్పటిదాకా అది వీధి కాదు, పని చేసుకునే చోటు. సైకిలువాడు కూడా దిగి పక్కనించి నడిపించుకుని పోతాడు. హారన్ కొట్టినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.. మా వెనక వీధి వరకూ అయితే.

ఊరు దాటితే జాతీయ రహదారి 216, కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయేది. అక్కడ హారన్లకి లోటుండదు. శని ఆదివారాలు వస్తే హైదరాబాదు, విజయవాడ, గుంటూరు బళ్ళన్నీ రామాపురం బీచికే. శుక్రవారం రాత్రి ఆఫీసులో లాగౌట్ అయి, తెల్లారేసరికి సముద్రంలో కాళ్ళు పెట్టాలని మనవాళ్ళ తాపత్రయం. తప్పేం లేదు, బీచి అందరిదీ. కానీ ఆ రోడ్డు మీదే మా నాన్న రోజూ టీవీఎస్ మోపెడ్ వేసుకుని చీరాల వెళ్ళొస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా ఒక మాస్టర్ వీవర్ దగ్గర లెక్కలు రాస్తున్నాడు. వెళ్ళేది ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు, వచ్చేది అంతే. నలభై దాటడు. దాటితే మోపెడ్ ఒప్పుకోదు.

హైదరాబాదు నుంచి మా ఊరికి మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, చీరాల. ఈ దారిలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఒకసారి పగలు ప్రయాణం చేసి చూడండి. పొలంలోంచి లారీ దాకా, లారీ నుంచి గుంటూరు యార్డు దాకా అంతా మిరపకాయే. టిక్కీలు ఎత్తుగా పేర్చి తాళ్ళు బిగించిన లారీలు. పత్తి తొక్కి నింపిన ట్రాక్టరు ట్రక్కులు, చక్రాలకంటే రెండడుగులు బయటికి ఉబ్బి, వెనక లైటుకి బదులు ఒక్కోసారి ఏమీ లేకుండా. కల్లంలో చోటు చాలక రోడ్డు అంచున పట్టాలు పరిచి కాయలు ఎండబోసుకునే రైతులు, పట్టా చుట్టూ కాపలాగా వరసగా పేర్చిన రాళ్ళు. గడ్డిమోపు అడ్డంగా కట్టుకున్న మోపెడ్లు. బడి నుంచి నడిచొచ్చే పిల్లలు. గేదెలు సరే సరి, వాటికి వాటి టైం ఉంటుంది.

ఈ రోడ్డుకి 265 గుర్రాలు ఏం చేసుకుంటాం?

మనం ఇంజనీర్లం కదా, లెక్క వేద్దాం. మన రంగంలో ఆమ్‌డాల్ సూత్రం అని ఒకటుంది. 1967 నాటిది. ప్రోగ్రాంలో ఏ భాగం ఎక్కువ టైం తింటోందో దాన్ని వదిలేసి, తక్కువ తినే భాగాన్ని ఎంత వేగంగా చేసినా మొత్తం మీద పెద్దగా ఒరిగేదేం ఉండదని దాని సారాంశం. ఇంటర్వ్యూలో అడిగితే గడగడా చెప్పేవాళ్ళం, కారు కొనేటప్పుడు మాత్రం మర్చిపోతాం. మా ఊరి ప్రయాణం టీ, టిఫిను కలుపుకుని ఆరు గంటలు. దారిలో వంద ఓవర్‌టేకులు చేశాననుకోండి, ఫాస్టు కారు ఒక్కోదానికి నాలుగు సెకన్లు మిగిల్చిందనుకోండి. మొత్తం ఏడు నిమిషాల లోపు. ఇంకో అరవై కిలోమీటర్లు ఎక్కడో ఖాళీ దొరికిందని వందకి బదులు నూట నలభైలో పోయాననుకోండి, ఇంకో పది నిమిషాలు. అంటే చట్టాన్ని, తోటివాళ్ళని, నా అదృష్టాన్ని అన్నిటినీ అరగదీసి నేను సంపాదించేది పదిహేడు నిమిషాలు. అది పిడుగురాళ్ళలో ఒక రైల్వే గేటు దగ్గరో, చిలకలూరిపేటలో టీ కొట్టు దగ్గరో ఇట్టే కరిగిపోతుంది. ప్రయాణాన్ని ఆపేది ఇంజను కాదు. ఊళ్ళు, మలుపులు, మనుషులు. వాటిని ఆప్టిమైజ్ చెయ్యలేం, చెయ్యకూడదు కూడా.

స్పీడ్ బ్రేకర్ల సంగతి వేరే చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, అంటే గుండ్రంగా, నిదానంగా ఎక్కి దిగేలా, గంటకి 25 కిలోమీటర్లలో దాటేలా. మా వైపు బ్రేకర్లు పుస్తకం చదివి వేసినవి కావు. రాత్రికి రాత్రి కంకర, తారు తెచ్చి పోసేసినవి. ఎత్తు పుస్తకంలో ఉన్నంతే ఉండొచ్చు, వెడల్పు మాత్రం అందులో నాలుగో వంతు ఉంటే గొప్ప. మనవాళ్ళ ఫాస్టు కార్లు వీటి దగ్గర పడే పాట్లు చూడాలి. వంకరగా ఎక్కించి, ఒక్కో చక్రం దించుకుంటూ, లోపల కూర్చున్న నలుగుర్నీ దింపి, ఖాళీ కారుని దాటించి మళ్ళీ ఎక్కించుకుని.. వెనక ఆర్టీసీ బస్సు డ్రైవరు తల బయట పెట్టి చూస్తుంటాడు. "ఈ పల్లెటూరి వాళ్ళకి బ్రేకర్లు వెయ్యడం కూడా రాదు" అని మావాడొకడు విసుక్కున్నాడు. అవి ఊరికే ఎందుకు వేస్తారు నాయనా? మా వైపు చాలా బ్రేకర్లు ఎవరో ఒకరు పోయిన తర్వాత వేసినవి. ఆ ఊరివాళ్ళు రోడ్డు మీద కూర్చుంటారు, పోలీసులు వస్తారు, సాయంత్రానికి బ్రేకరు పడుతుంది. మనలాంటివాడు ఎవడో అక్కడ నూట ఇరవైలో పోబట్టే అది అక్కడుంది.

ఇక తరచూ వినే గొప్ప వాదన ఒకటుంది. "పవర్ ఉంటే సేఫ్‌గా ఓవర్‌టేక్ చెయ్యొచ్చు, మంచి బ్రేకులుంటాయి, రోడ్డుని పట్టుకుని ఉంటుంది, నిజానికి ఇదే సేఫ్."

ఇందులో నిజం ఉంది, కాదనను. ఎదర బస్సు వస్తుండగా లారీ పక్కన ఇరుక్కుపోయిన నీరసం కారులో ఒకసారి కూర్చున్నవాడికెవడికైనా ఈ మాట అర్థమవుతుంది. నాలుగు సెకన్లలో అయిపోవాల్సిన ఓవర్‌టేకు తొమ్మిది సెకన్లు పడితే ఆ ఐదు సెకన్లు చాలా పొడుగ్గా ఉంటాయి. అయితే అసలు జరిగేదేంటంటే.. నలభై గుర్రాల కారువాడు "అబ్బే, పట్టదు" అని వదిలేసే సందులో 265 గుర్రాలవాడు దూరతాడు. మిగిలిన జాగ్రత్తంతా అక్కడ ఖర్చయిపోతుంది. ఇది నా కవిత్వం కాదు. 1980ల్లో జర్మనీలోని మ్యూనిక్ లో టాక్సీలతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని టాక్సీలకి అప్పట్లో కొత్తగా వచ్చిన ఏబీఎస్ బ్రేకులు పెట్టారు, కొన్నిటికి పెట్టలేదు. మంచి బ్రేకులున్న టాక్సీలకి ప్రమాదాలు తగ్గాలి కదా? తగ్గలేదు. బ్రేకులు బాగున్నాయని తెలిశాక డ్రైవర్లు ఇంకాస్త దూకుడుగా నడిపారు. జర్మనీవాడే అలా ఉంటే మనమెంత?

అన్నట్టు ఈ కార్లు పుట్టిన జర్మనీలో ఆటోబాన్ మీద చాలా చోట్ల వేగానికి పరిమితి లేదని మనవాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని చెబుతుంటారు. గంటకి 60 కిలోమీటర్లు దాటి వెళ్ళలేని బండికి అసలు ఆటోబాన్ ఎక్కే హక్కే లేదన్న సంగతి మాత్రం చెప్పరు. అక్కడ మా నాన్న మోపెడ్ ఉండదు, గడ్డిమోపు ఉండదు, పట్టా మీద మిరపకాయలు ఉండవు. వేగాన్ని వదిలేముందు నెమ్మదైనవాళ్ళందరికీ వేరే దారి చూపించారు వాళ్ళు. మనం వేరే దారి చూపించకుండా వేగాన్ని మాత్రం దిగుమతి చేసుకున్నాం.

ఇప్పుడు నా సంగతి. టోకెను కట్టానన్నాను కదా. ఆ నెలలోనే ఉగాదికి ఊరెళ్ళాలి. మా టీంలో ఒకడు సెకండ్ హ్యాండులో ఒక ఫాస్టు సెడాన్ కొన్నాడు (కంపెనీ పేరు అనవసరం, కారు తప్పేం లేదు). "నువ్వెలాగూ ఇలాంటిదే కొంటున్నావుగా, తోలి చూడు" అని తాళాలు నా చేతికిచ్చి, బీచికని తనూ బయల్దేరాడు. చిలకలూరిపేట దాటాం. సాయంత్రం ఆరున్నర, వెలుగు పోతూ పోతూ ఉంది. పర్చూరు వైపు రోడ్డు ఖాళీగా కనిపించింది. ముందు పత్తి ట్రాక్టరు ఒకటి. దాని పక్కనించి ఏం కనిపించదు, అంత వెడల్పు. ఎదర ఎవరూ లేరని తల వంచి చూసి తొక్కాను. ఏం లాగిందండీ కారు! సీటు వీపుకి అతుక్కుపోయింది. ట్రాక్టరు దాటేసరికి ముల్లు నూట ఇరవై మీదుంది.

దాటాక కనిపించింది. కుడివైపు రోడ్డు అంచున పొడుగ్గా ఎర్రటి పట్టా, రాళ్ళు. చీకటి పడేలోపు కాయలు కుప్ప చేస్తూ ఒక పెద్దామె వంగి ఉంది, సగం రోడ్డు మీదే. నేనింకా ఆవైపు లేన్లోనే ఉన్నా. బ్రేకు తొక్కాను. నిజం చెప్పాలంటే ఆ బ్రేకులు అద్భుతం, కారు కొంచెం కూడా పక్కకి పోలేదు. ఎడమకి తిప్పి ఆగేలోపు ముందు చక్రం ఒక రాయినెక్కి ఢామ్మని పేలింది. ఆమెకీ కారుకీ మధ్య ఒక మంచం పట్టేంత దూరం ఉంది.

దిగి వెళ్ళాను. కాళ్ళు నా మాట వినట్లేదు. ఆమె లేచి నిలబడి నన్ను చూసింది, తర్వాత పట్టా వంక చూసింది. "కాయలు తొక్కేస్తావేమో అనుకున్నా నాయనా" అంది.

అంతే అంది. తిడితే బాగుండేది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. మనకి అంతకంటే ఏం చేతనవును? ఒకే కారు, అవే మంచి బ్రేకులు, ఆపాలని తోచడానికి ఒక్క సెకను. 80లో వస్తే పూర్తిగా ఆగడానికి యాభై మీటర్లు పడుతుంది. 120లో వస్తే తొంభై ఐదు దాటుతుంది. రెట్టింపు కదా అనుకుని ఊరుకోకండి, ఇంకోటుంది. 80లో వచ్చినవాడు ఆగిపోయిన ఆ యాభయ్యో మీటరు దగ్గర, 120లో వచ్చినవాడు ఇంకా వందకి పైగా వేగంతో ఉంటాడు. వాడు బ్రేకు మీద కాలు పెట్టి అప్పటికి అర సెకను అయ్యుంటుంది. ఆ లెక్క నేను మూడుసార్లు చేశాను, తప్పు దొరుకుతుందేమోనని.

పేలిన టైరు కథ కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే "రోజువారీ" అంటే ఇదీ. పెద్ద చక్రం, దాని చుట్టూ చీరకి అంచులాగా సన్నటి రబ్బరు. స్టెప్నీగా ఇచ్చిన చిన్న చక్రం వేసుకుని, ఎనభై దాటొద్దని దాని మీదే రాసి ఉంటే (ఆ మాట అన్ని చక్రాల మీదా రాస్తే బాగుండు) మెల్లగా ఊరు చేరాం. ఆ సైజు టైరు చీరాలలో లేదు, ఒంగోలులో లేదు, గుంటూరులో ఆర్డరు ఇస్తే తెప్పిస్తామన్నారు. చివరికి హైదరాబాదు నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చింది, నాలుగు రోజులకి. ఆ నాలుగు రోజులూ ఆ కారు మా ఇంటి ముందు కొలువుదీరింది. వీధి పిల్లలందరూ ఫోటోలు దిగారు. అమ్మ ఒకసారి సరదాపడి ఎక్కింది. దిగడానికి మోకాళ్ళు సహకరించక ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లేపాం. "నేలమీద కూర్చున్నట్టుంది, ఇంత డబ్బు పోసి పీట కొన్నారేంట్రా" అంది. నాన్న మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి, పేలిన టైరు చూసి, ఎక్కడ జరిగిందని అడిగాడు. చెప్పాను. ఇంకేం అడగలేదు. మర్నాడు పొద్దున్నే మోపెడ్ తీసుకుని చీరాల వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన తిరిగొచ్చేదాకా నేను వీధిలోనే నిలబడ్డాను.

"అది పల్లెటూరి రోడ్డు బాసూ, మేం సిటీలో తోలతాం" అంటారా? సిటీ కథ మనందరికీ తెలిసిందే, మన ఆఫీసుల మధ్యలో జరిగింది. 2019 నవంబరు 4న గచ్చిబౌలిలో బయోడైవర్సిటీ ఫ్లై ఓవర్ తెరిచారు. నవంబరు 23 మధ్యాహ్నం ఒక ఎర్ర కారు ఆ మలుపులో అదుపు తప్పి, పైనుంచి కింద రోడ్డు మీద పడింది. అక్కడ పరిమితి 40. కారు వేగం వందకి పైనేనని అధికారులు తేల్చారు. వేగం రెండున్నర రెట్లయితే మలుపులో కారుని పట్టి ఉంచాల్సిన బలం ఆరు రెట్లు దాటుతుంది, ఏ టైరూ పట్టుకోలేదు. కారు నడిపినాయన బతికాడు. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఆమె ఏ కారు బ్రోషరూ చదవలేదు, ఏ టెస్టు డ్రైవుకీ వెళ్ళలేదు. ఫ్లై ఓవర్ మలుపు సరిగ్గా ఉందా లేదా అని చాలా వాదనలు జరిగాయి, కమిటీ వేశారు, 2020 జనవరిలో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు దాని మీంచి రోజూ వెళ్తాం, కింద నిలబడేవాళ్ళు మనకి కనపడరు.

ఇది ఒక్క ఉదాహరణ అనుకోకండి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో నూటికి 71 మంది పోయింది అతివేగం వల్ల. ఇంకో వరస చూడండి. పోయినవాళ్ళలో నూటికి 44 మంది పైగా బైకుల మీద, స్కూటర్ల మీద ఉన్నవాళ్ళు. దాదాపు ఇరవై మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. కార్లు, జీపుల్లాంటి వాటిలో ఉన్నవాళ్ళు పన్నెండు పదమూడు మంది. మనకి ఎయిర్ బ్యాగులు ఆరుంటాయి, ఐదు నక్షత్రాల రేటింగు ఉంటుంది. ఆ నక్షత్రాలన్నీ కారు లోపల ఉన్నవాళ్ళ లెక్కే ఎక్కువ.

అందుకే "నా డబ్బు, నా ఇష్టం, నీకెందుకు" అనే మాట నా దగ్గర చెల్లదు. నీ డబ్బుతో యాభై లక్షల గడియారం పెట్టుకో, నాకేం నొప్పి లేదు. నీ ఇంటి గోడకి బంగారు రేకులు తాపడం చేయించుకో. కారు అలా కాదు. దాన్ని నువ్వు పూర్తిగా వాడుకోవాలంటే మా నాన్న పక్కకి తప్పుకోవాలి. ఆ పెద్దామె కాయలు తీసేసుకోవాలి. పడుగు కట్టేవాళ్ళు గుంజలు పీక్కోవాలి. వాళ్ళెవరూ నీ ఈఎంఐలో వాటా తీసుకోలేదు, నీకు సంతకం పెట్టలేదు. మరి పూర్తిగా వాడుకోను, మెల్లగానే తోలతాను అంటావా? అప్పుడు దాన్ని కొనడమెందుకు? నలుగురు వాడే సర్వీసుకి నలభై సర్వర్లు పెట్టినవాణ్ణి రివ్యూలో మనమే ఉతికి ఆరేస్తాం కదా. పైగా సర్వర్లు ఖాళీగా కూర్చుంటాయి, కాలి కింద ఉన్న పవరు కూర్చోదు. నాకు తెలుసు, నాకు ఆ ట్రాక్టరు వెనక తెలిసింది.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను, ఎవరి జీతం వాళ్ళది. లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపితే ఆ యాభై లక్షల కారు అరవై దరిదాపులకి వస్తుంది. అందులో నలభై లక్షలు ఏడేళ్ళకి తొమ్మిది శాతం మీద అప్పు తీసుకుంటే నెలకి అరవై నాలుగు వేలు, వడ్డీయే పద్నాలుగు లక్షలు. 2023లో మన చుట్టుపక్కల ఎన్ని బ్యాడ్జీలు వెనక్కిచ్చారో గుర్తుంటే చాలు.

ఇది డబ్బున్నవాళ్ళ గొడవే, మనకెందుకు అనుకునే రోజులు కూడా పోయాయి. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక పవరు చవకైపోయింది. 2024లో వచ్చిన బీవైడీ సీల్ పెద్ద మోడల్లో 530 గుర్రాలు, వందకి నాలుగు సెకన్లలోపు, 53 లక్షలు. ఆ ఏడాది చివర్లోనే మహీంద్రా బీఈ 6 వచ్చింది. దాని పై మోడలు ధర 27 లక్షల లోపు, గుర్రాలు 286. అంటే మా టీం లీడు స్థాయివాడు కొనుక్కునే ధరలో, 2004 నాటి రేసు కారుకి దాదాపు రెట్టింపు. శబ్దం కూడా ఉండదు. మా నాన్నకి వెనకనించి వినపడే ఆ కాస్త హెచ్చరిక కూడా పోయింది. ఎలక్ట్రిక్ కారు కొనొద్దనను, నేనూ అదే కొంటానేమో. పట్టికలో ఆ జీరో టు హండ్రెడ్ వరసని మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని చదువుతాను.

చట్టం సంగతంటారా? 2018లో కేంద్రం పరిమితులు పెంచినప్పుడు కూడా ఎక్స్‌ప్రెస్ వేల మీద 120, మధ్యలో డివైడరున్న నాలుగు లేన్ల రోడ్ల మీద 100 అంది. ఆ పెంపు కూడా కుదరదని 2021లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. హైదరాబాదు ఔటర్ మీద 2023లో మళ్ళీ 120 చేశారు. అది 158 కిలోమీటర్ల పొడుగు, బైకులు లేవు, నడిచేవాళ్ళు లేరు. తిప్పి తిప్పి అక్కడే తోలుకోవాలి, గుండ్రంగా. దానికి కూడా 120 చాలు, ఆ వేగం ఈ రోజుల్లో పది లక్షల కారు కూడా నిక్షేపంగా అందుకుంటుంది.

మా వైపు నిజంగా వేగంగా పోవడానికి కట్టిన రోడ్డు ఒకటుంది, తెలుసా? అద్దంకి దగ్గర రేణంగివరం, కొరిశపాడు మధ్య జాతీయ రహదారి 16 మీద నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రన్‌వే. అత్యవసరమైతే యుద్ధ విమానాలు దిగడానికి. 2022 డిసెంబరులో, 2024 మార్చిలో వాయుసేన వాళ్ళు అక్కడ ట్రయల్ రన్లు చేశారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా చూడ్డానికి పోయారు. విమానం వచ్చేముందు ఏం చేశారో గమనించారా? ట్రాఫిక్ మొత్తం ఆపేశారు, రోడ్డు తుడిచారు, మనిషన్నవాడు అటు రాకుండా చూశారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఫార్ములా ఈ రేసు పెట్టినప్పుడూ అంతే, హుస్సేన్ సాగర్ పక్కన రోడ్లు మూసేసి, రెండు పక్కలా గోడలు కట్టి, అప్పుడు వదిలారు కార్లని. వేగం సంగతి తెలిసినవాళ్ళు చేసే పని అది. మనవాడొక్కడే ఏ గోడా లేకుండా, ఏ జెండా ఊపకుండా పర్చూరు రోడ్డు మీద మొదలెట్టేస్తాడు.

అంత దురద ఉంటే మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. ట్రాక్ డేలు పెట్టినప్పుడు డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, కడుపు నిండా తోలుకోవచ్చు. నేను ఒకసారి వెళ్ళొచ్చాను. మూడు రౌండ్లు అయ్యేసరికి చేతులు వణికాయి, నాకు కారు తోలడం రాదని తెలిసింది. నూట ఇరవైలో ఊళ్ళ మధ్య పోయేవాళ్ళందరూ ఒకసారి అక్కడ తోలి, పక్కన కూర్చున్న శిక్షకుడి మొహం చూస్తే బాగుంటుంది.

ఇంతకీ టోకెను వెనక్కి తీసుకున్నాను. డీలరు సగమే ఇచ్చాడు, మిగతాది ప్రాసెసింగ్ అట. దాని మీద వాదించే ఓపిక లేకపోయింది. మావాడు మాత్రం ఆ సెడాన్ ఇంకా తోలుతున్నాడు, కొత్త టైరు వేసుకుని. ఈ టపా చూసి నాలుగు రోజులు మాట్లాడడు, తర్వాత మాట్లాడతాడు. పోయినవారం కొత్తగా చేరిన కుర్రాడొకడు ఫోన్లో ఒక కారు చూపించి "అన్నా, డైలీకి పనికొస్తుందంటావా" అని అడిగాడు. మీ ఊరేదని అడిగాను. ఇంకొల్లు అన్నాడు. ఊరికి ఏ దారిన వెళ్తావని అడిగితే, మళ్ళీ అదే చిలకలూరిపేట, అదే పర్చూరు.

సంక్రాంతికి నేను ట్రైనులోనే వెళ్తున్నా. చీరాలలో దిగితే నాన్న మోపెడ్ తీసుకుని స్టేషనుకి వస్తానన్నాడు. ఆటోలో వస్తాలే, పొద్దున్నే ఆ రోడ్డు మీద పండగ బళ్ళుంటాయి అంటే వినడు. టిక్కెట్టు ఇంకా ఆర్‌ఏసీలో ఉంది, పద్నాలుగు.